పాత ప్రొజెక్టర్ కొనేటప్పుడు ల్యాంపు గంటల కన్నా ముందు చూడాల్సింది

ఆఫీసులో వాడి తీసేసిన ఎల్‌సిడి ప్రొజెక్టర్, ల్యాంపు 3,200 గంటలు వెలిగింది, రిజల్యూషన్ 1024×768, లెన్స్ నుంచి గోడకు మూడు మీటర్లు, గదిలో ఒక పెద్ద కిటికీ. ఇంట్లో సినిమాలు చూడటానికి దీన్ని కొనవచ్చా అన్నది మీ ప్రశ్న. వద్దనే చెబుతాను. కానీ మీరు భయపడుతున్న ఆ 3,200 గంటల వల్ల కాదు.

గంటల లెక్కను నమ్మి నేను ఒకసారి దెబ్బతిన్నాను. మొదట కొన్న ప్రొజెక్టర్ మెనూలో 400 గంటలే ఉన్నాయి. ఆ లెక్క ల్యాంపుదే తప్ప యంత్రానిది కాదని, ల్యాంపు మార్చినప్పుడు దాన్ని సున్నా చేస్తారని, మార్చకపోయినా సున్నా చేయవచ్చని అప్పటికి నాకు తెలియదు. అమ్మినాయన పట్టపగలు, ట్యూబులైటు కింద, తెల్లటి స్లైడు ఒకటి వేసి చూపించాడు. బొమ్మ కళకళలాడింది. ఇంటికి తెచ్చి, రాత్రి దీపాలన్నీ ఆర్పి సినిమా పెట్టాను. మొదటి చీకటి సన్నివేశం రాగానే తెర కుడివైపు అరచేయంత ఆకుపచ్చ మరక బయటపడింది. పాత్రలు ఎటు నడిచినా అది మాత్రం కదలలేదు.

ఎల్‌సిడి రకంలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు మూడు చిన్న ప్యానెళ్లు ఉంటాయి. వాటిని చల్లబరచడానికి ఫ్యాను బయటి గాలిని లాగుతుంది. ఫిల్టరును ఎవరూ పట్టించుకోకపోతే ఆ గాలితో పాటు దుమ్మూ లోపలికి వెళ్లి ఏదో ఒక ప్యానెల్ దగ్గర కూర్చుంటుంది. వెలుగు నిండిన దృశ్యంలో అది కంటికి ఆనదు. బయటి లెన్స్ ఎంత తుడిచినా పోదు. నేను మూడు రోజులు తుడిచాను. ఏళ్ల తరబడి వేడికి ప్యానెళ్ల భాగాలు పాడైతే బొమ్మ మొత్తం పసుపు బారుతుంది, దానికి తుడుపూ లేదు.

అందుకే రెండోసారి ల్యాంపు దాదాపు అయిపోయిన ప్రొజెక్టర్‌నే వెతికి కొన్నాను. వినడానికి వింతగా ఉంటుంది. కానీ మామూలు మెర్క్యురీ ల్యాంపుకు 2,000 నుంచి 5,000 గంటల ఆయుష్షు అని రాస్తారు చూడండి, ఆ గంటలు నిండటం అంటే సాధారణంగా వెలుగు సగానికి పడిపోవడం. బొమ్మ మసకగా ఉంటుంది కాబట్టి ధర తగ్గుతుంది, కొత్త ల్యాంపు వేస్తే వెలుగు తిరిగి వస్తుంది. ఒక్కటే షరతు: ఆ మోడల్‌కు ల్యాంపు ఇంకా దొరుకుతోందా, ఎంతకు దొరుకుతోంది అన్నది బేరానికి ముందే తెలుసుకోవాలి. కొన్ని పాత మోడళ్లకు ల్యాంపే ప్రొజెక్టర్ కన్నా ప్రియం.

నేను కొన్నది డిఎల్‌పి రకం, అంటే ఎల్‌సిడి ప్యానెళ్లకు బదులు సూక్ష్మమైన అద్దాలతో బొమ్మ వేసేది. దానిలో దుమ్ము బెడద తక్కువ. దానికి వేరే జబ్బులున్నాయి: లోపలి సూక్ష్మమైన అద్దాలు మొరాయిస్తే తెర మీద తెల్లటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. తిరిగే రంగుల చక్రం వల్ల కొందరి కళ్లకు ఇంద్రధనుస్సు మెరుపులు తోస్తాయి. నాకు కనబడవు. మా అక్కకు కనబడతాయి, ఆమె పది నిమిషాలకు మించి కూర్చోలేదు. కొనేముందు ఇంట్లో వాళ్లను కూడా తీసుకెళ్లండి.

ఇక మీరు చూసిన దాని సంగతి. 1024×768 అంటే దాదాపు చదరపు బొమ్మ, పాఠాలకూ లెక్కల పట్టికలకూ చేసినది. వెడల్పు తెర సినిమా వేస్తే పైనా కిందా ఖాళీ పోను 1024×576 మిగులుతుంది, అంటే సుమారు 5.9 లక్షల పిక్సెళ్లు. ఫుల్ హెచ్‌డిలో (1920×1080) 20.7 లక్షలు ఉంటాయి. ‘1080 సపోర్ట్ చేస్తుంది’ అని అమ్మేవారు అంటే, ఆ సిగ్నల్‌ను తీసుకుని కుదించి చూపిస్తుందనే అర్థం. అసలు ప్యానెల్ రిజల్యూషన్ ఎంతో అడగండి.

మూడు మీటర్లు మాత్రం మంచి దూరమే. త్రో రేషియో (గోడకున్న దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చే అంకె) 1.5 ఉన్న యంత్రమైతే రెండు మీటర్ల వెడల్పు, అంటే మూల నుంచి మూలకు 90 అంగుళాల బొమ్మ వస్తుంది. 2 ఉన్నదైతే 68 అంగుళాలే. అంత దానికి టీవీ మేలనిపించవచ్చు.

కిటికీకి దళసరి పరదా తప్పదు. ప్రొజెక్టర్ వెలుగునే వేయగలదు, నలుపును వేయలేదు. ప్రొజెక్టర్ వెలుగు పడనప్పుడు గదిలో గోడ ఎంత చీకటిగా ఉంటే సినిమాలో చీకటి అంతే నల్లగా ఉంటుంది.

వేరే ఏదైనా చూడటానికి వెళ్తే రాత్రి సన్నివేశాలున్న సినిమా ఒకటి పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి, దీపాలు ఆర్పించి అరగంట నడిపించండి. వేడెక్కాక ఫ్యాను మోత పెరుగుతుందా, మధ్యలో దానంతట అదే ఆగిపోతుందా తెలిసిపోతుంది. బేరం కుదిరితే తొందరపడి ప్లగ్గు పీకేయకండి. ముందు బటన్‌తో ఆపి, ఫ్యాను పూర్తిగా నిలిచాకే సర్దుకోండి.