మరువం బాల్కనీలో పెరుగుతుందా? దండలోకి తప్ప ఇంకెందుకైనా పనికొస్తుందా?

బెంగళూరులో అపార్ట్‌మెంట్ బాల్కనీలో మరువం వస్తుందా అని అడిగారు. నిక్షేపంగా వస్తుందండీ. మాది బనశంకరి వైపు, తూర్పు బాల్కనీ. కొన్నేళ్లుగా మా ఇంట్లో మరువం కుండీ ఉంటూనే ఉంది. అసలు ఇది సైప్రస్, టర్కీ ప్రాంతాల మొక్క. మంచు కురిసే చలికి తట్టుకోదు. ఆ బెడద మనకు లేదు. మనకు ఇబ్బందల్లా వానాకాలమే. మట్టి తడిసి ముద్దయితే వేరు కుళ్లి, పచ్చగా ఉన్న మొక్క కాస్తా వాలిపోతుంది. అందుకే నేను మట్టిలో మూడో వంతు ఇసుక కలుపుతాను, వానలప్పుడు కుండీని గోడవారకు జరుపుతాను. కింద పళ్లెం పెట్టను. పైమట్టి ఎండాకే నీళ్లు. రోజూ నాలుగైదు గంటల ఎండ మాత్రం తగలాలి.

మొక్క కొనక్కర్లేదు. గాంధీ బజార్లో పూలమ్మే వాళ్లను 'మరుగ' (మరువానికి కన్నడ పేరు) అని అడిగితే కట్ట ఇస్తారు. పక్కనే దవనం కూడా ఉంటుంది, చూసి తీసుకోండి. దవనం ఆకు బూడిదరంగులో సన్నగా చీలి ఉంటుంది. మరువం ఆకు చిన్నగా, కోలగా, నూగుతో మెత్తగా ఉంటుంది. ఉదయాన్నే వెళ్తే వాడని కట్ట దొరుకుతుంది. మొగ్గ తొడగని కొమ్మలు ఏరి, వేలెడు పొడవున కణుపు కింద కత్తిరించి, కింది ఆకులు దూసేసి, తడి కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడిలో) గుచ్చి నీడన ఉంచండి. రెండు మూడు వారాల్లో వేళ్లు వస్తాయి. కొన్ని ఎండిపోతాయి కాబట్టి నాలుగైదు ఎక్కువే గుచ్చండి.

ఇక వాడకం. కనకాంబరాల మధ్య మరువం లేకపోతే మా అత్తగారికి అది దండే కాదు! కానీ నాకు ఇది ముందు వంటింటి ఆకు, తర్వాతే పూజగది ఆకు. పిజ్జా మీద చల్లుకునే ఒరెగానోకు ఇది సొంత చెల్లెలు. ఘాటు తక్కువ, కాస్త తీపి వాసన. జర్మనీలో బంగాళాదుంప సూపులో, సాసేజ్‌లలో ఇది మామూలే. మన ఆలూ వేపుడులో దింపే ముందు అర చెంచా ఆకు నలిపి వేసి మూత పెట్టి చూడండి. ఆమ్లెట్‌లోకి, టమాటా సూపులోకి కూడా బాగుంటుంది. పప్పులో మాత్రం నాకు నచ్చలేదు, ఇంగువతో పొసగదు. మార్కెట్ కట్టను నేరుగా వంటలో వేయకండి, దాని మీద ఏ మందు కొట్టారో తెలియదు. కుండీలో కొత్తగా వేసిన చిగురే కోసుకోండి.

వైద్యం సంగతి: అజీర్తిగా ఉన్నప్పుడు నాలుగాకులు వేడినీళ్లలో వేసుకుని తాగుతాను, హాయిగా ఉంటుంది. అంతకు మించి నేను చెప్పను. చెవిపోటుకు రసం పిండే అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానండి, డాక్టరుకు చూపించండి. గర్భిణులు వంటలో చిటికెడు వాడినా, కషాయాల జోలికి వెళ్లకపోవడం మంచిది.

ఒక్క జాగ్రత్త. కొసల్లో ముడుల్లాంటి ఆకుపచ్చ మొగ్గలు కనిపించగానే కొమ్మను మూడో వంతు కత్తిరించేయండి. జాలిపడి వదిలేస్తే కాండం కర్రలా గట్టిపడి, అడుగున ఆకు రాలి బోసిపోతుంది. కత్తిరించినవి నీడన ఆరబెట్టి సీసాలో పోసుకుంటే వాసన నెలల తరబడి నిలుస్తుంది. కాండం ముదిరాక పాత మొక్కతో కుస్తీ పట్టకుండా, దాని చిగుళ్లే గుచ్చి కొత్త కుండీ మొదలుపెట్టండి.