పార్కిన్సన్స్‌కి కొత్త వైద్యం వెతికే ముందు

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారికి పార్కిన్సన్స్ వచ్చి ఎనిమిదేళ్లు దాటింది, మాత్ర ఇదివరకటిలా పట్టడం లేదు, ఒకరు స్టెమ్ సెల్ అంటున్నారు, ఇంకొకరు మెదడుకి ఆపరేషన్ అంటున్నారు, ఏం చెయ్యమంటావు అని అడిగావు. అన్నీ చెప్తాను గానీ ముందు మూడు రోజులు డైరీ రాయాలమ్మా. అది లేకుండా ఎంత పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లినా, ఆ పది నిమిషాల్లో ఆయన కళ్లకి ఎలా కనిపిస్తే అలాగే మందు రాస్తారు.

కాగితం మీద రోజుకి 48 అడ్డగీతలు గియ్యి, అర్ధగంటకి ఒకటి. నిలువుగా ఐదు గడులు పెట్టు: నిద్ర, ఆఫ్ (మందు దిగిపోయి ఒళ్లు మాట వినని వేళ), ఆన్ (మందు పనిచేస్తున్న వేళ), ఆన్‌లో ఉండి ఇబ్బంది పెట్టని మెలికలు, ఆన్‌లో ఉండి ఇబ్బంది పెట్టే మెలికలు. ప్రతి అర్ధగంటకి ఒక గడిలో టిక్కు పెట్టాలి. మాత్ర ఏ నిమిషానికి మింగారో, ఏం తిన్నారో పక్కనే రాయాలి. చాలామంది రాత్రి కూర్చుని రోజంతా గుర్తు తెచ్చుకుని నింపేస్తారు, ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఇంకో పొరపాటు వణుకుకీ మెలికలకీ తేడా తెలియకపోవడం. వణుకు ఒకే తాళంలో ఉంటుంది, చెయ్యి ఊరికే ఒళ్లో పెట్టుకున్నప్పుడు బీడీ చుట్టినట్టు బొటనవేలు, చూపుడువేలు ఆడతాయి. అది మందు చాలక వచ్చేది. మెలికలకి తాళం ఉండదు, మెడ, భుజం, నడుము పాములా కదులుతాయి, ఎక్కువగా మందు బాగా ఎక్కిన వేళ వస్తాయి. మెలికలు తిరుగుతుంటే "నాన్న వణికిపోతున్నారు" అని చెప్పావనుకో, డాక్టరు డోసు పెంచుతారు, మెలికలు ఇంకా ఎక్కువవుతాయి. అందుకే రెండింటినీ ఫోన్‌లో అర నిమిషం వీడియో తీసి ఉంచు.

ఇప్పుడు మాత్రల అట్ట తిప్పి చూడు. సిన్‌డోపా 110 అంటే లెవోడోపా (అసలు మందు ఇదే, మెదడులో కదలికల్ని నడిపే డోపమైన్ అనే రసాయనంగా మారుతుంది) 100 మిల్లీగ్రాములు, కార్బిడోపా 10. సిన్‌డోపా ప్లస్ అయితే 100కి 25. ఈ చిన్న అంకె చాలా ముఖ్యం. లెవోడోపా మెదడుకి చేరకముందే పేగులోనూ రక్తంలోనూ డోపమైన్‌గా మారిపోకుండా ఆపేది కార్బిడోపాయే. దానికి రోజు మొత్తం మీద 70 నుంచి 100 మిల్లీగ్రాములు కావాలి. 110 మాత్రలు మూడు వేసుకుంటే అందేది 30 మాత్రమే. అందుకే కడుపులో తిప్పడం, వాంతులు. "ఈ మందు నాన్నకి పడదు" అని వదిలేసే ముందు, కార్బిడోపా ఎంత అందుతోందో లెక్క కట్టి డాక్టర్ని అడుగు.

తర్వాతది వేళ. లెవోడోపా రక్తంలో గంట, గంటన్నరకి సగమైపోతుంది. పైగా పప్పు, పెరుగు, గుడ్డు, మాంసం అరిగి వచ్చే అమైనో ఆమ్లాలూ ఇదీ పేగులో ఒకే ద్వారం గుండా వెళ్లాలి, మళ్లీ మెదడు గడప దగ్గరా అంతే. పెసరట్టు తిన్న వెంటనే వేసిన మాత్ర గుమ్మం బయటే ఆగిపోతుంది. భోజనానికి అరగంట నుంచి ముప్పావుగంట ముందు నిండు గ్లాసు నీళ్లతో వెయ్యి. కడుపులో తిప్పితే రెండు బిస్కెట్లో, గుప్పెడు మరమరాలో పెట్టు, పాలు మాత్రం వద్దు. ఐరన్ మాత్ర రాసి ఉంటే దానికీ దీనికీ రెండు గంటలైనా ఎడం ఉండాలి. మలబద్ధకం ఉంటే దాన్ని ముందు బాగుచెయ్యి. కడుపు కదలకపోతే మాత్ర పేగుకి దిగదు, "ఈ పూట మాత్ర పనిచెయ్యలేదు" అన్న ఫిర్యాదులు చాలావరకు అక్కడివే. అలాగని మాంసకృత్తులు పూర్తిగా మాన్పించెయ్యకు. బరువు తగ్గుతున్న మనిషికి అది ఇంకో దెబ్బ. పగలు తగ్గించి రాత్రి భోజనంలో పెడితే సరిపోతుంది.

వేరే డాక్టర్లు రాసిన చీటీలు కూడా వెతుకు. వాంతులకి మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, కళ్లు తిరగడానికి సిన్నారిజిన్, తలనొప్పికి ఫ్లునారిజిన్ ఉంటే, అవి మెదడులో డోపమైన్‌ని అడ్డుకుని జబ్బుని పెంచుతాయి. ఇక దూలగొండి పొడి. అది ఒట్టి నమ్మకమేం కాదు, ఆ గింజల్లో లెవోడోపా ఉందని 1937లోనే మద్రాసులో దామోదరన్, రామస్వామి తేల్చారు. చిక్కల్లా ఏ డబ్బాలో ఎంత ఉందో తెలియకపోవడం. మాత్రలతో పాటు అదీ వేస్తుంటే డోసు రెట్టింపవుతుంది, డాక్టరుకి ఆ సంగతే తెలియదు. వాడుతుంటే చెప్పెయ్యి. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ అనే పార్కిన్సన్స్ మాత్రలు కూడా వాడుతుంటే ఇంకో మాట: పేకాట, లాటరీ, చీటికీమాటికీ కొనుగోళ్లు కొత్తగా మొదలైతే అది ఆయన గుణం మారడం కాదు, మందు పని. కోప్పడకుండా డాక్టరుకి చెప్పు.

ఇదంతా సరిచేశాక కూడా రోజుకి ఐదుసార్లు లెవోడోపా కావాల్సి వస్తున్నా, రెండు గంటలు ఆఫ్‌లో గడుస్తున్నా, గంటసేపు ఇబ్బంది పెట్టే మెలికలు ఉన్నా, మూడింటిలో ఏ ఒక్కటి ఉన్నా డీబీఎస్ గురించి, అంటే మీకు చెప్పిన ఆ మెదడు ఆపరేషన్ గురించి అడగాల్సిన సమయం వచ్చినట్టే. మెదడులోకి సన్నని తీగ దింపి, బ్యాటరీతో కొద్దిపాటి కరెంటు పంపుతారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. హైదరాబాద్ నిమ్స్‌లోనూ చేస్తారు. ఎవరికి పనికొస్తుందో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది: రాత్రి నుంచి పన్నెండు గంటలు మందు ఆపి పొద్దున కదలికలకి మార్కులు వేస్తారు, తర్వాత మామూలు కన్నా కాస్త ఎక్కువ డోసు ఇచ్చి మళ్లీ వేస్తారు. కనీసం మూడోవంతు మెరుగుపడాలి. సూత్రం తేలిక: మాత్రకి తగ్గేదే తీగకీ తగ్గుతుంది, ఒక్క వణుకు మాత్రం మాత్రకి లొంగకపోయినా దీనికి లొంగుతుంది. మాట ముద్దగా రావడం, మతిమరుపు, ఆన్‌లో ఉండగానే పడిపోవడం దీనితో బాగుపడవు, కొందరికి మాట ఇంకా దెబ్బతింటుంది. మెదడులో రక్తస్రావం నూటికి ఒకరిద్దరికి రావచ్చు. ఆపరేషన్ అయిన మర్నాడే మహత్తు కనిపించాలని చూడకు, సెట్టింగులు కుదరడానికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. అందుకే తిరగడానికి వీలైన ఊళ్లోనే చేయించండి. బ్యాటరీ మార్చే రకమా, చార్జింగ్ రకమా, మార్చాల్సి వస్తే ఖర్చెంత అన్నది ముందే రాయించుకో. ఆ తర్వాత జీవితాంతం ఒక జాగ్రత్త: మోకాళ్ల నొప్పులని ఫిజియోథెరపీకి వెళ్తే డయాథెర్మీ యంత్రం పెట్టనివ్వద్దు. తీగ వేడెక్కి మెదడు కాలిపోతుంది.

స్టెమ్ సెల్ సంగతి నువ్వు గట్టిగా అడిగావు కాబట్టి వివరంగా రాస్తున్నాను. నిజమైన పరిశోధన ఉంది. 2025 ఏప్రిల్‌లో నేచర్ పత్రికలో రెండు ఫలితాలు వచ్చాయి: జపాన్ క్యోటోలో ఏడుగురికి, అమెరికా, కెనడాల్లో పన్నెండుమందికి చేశారు. ప్రయోగశాలలో డోపమైన్ కణాలుగా మారేలా పెంచిన వాటిని, పుర్రెకి రంధ్రం చేసి మెదడులో ప్యుటామెన్ అనే చోట పెట్టారు. శరీరం తిప్పికొట్టకుండా నెలల తరబడి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిచ్చారు. సురక్షితమేనా అని చూసిన తొలి మెట్టు అది, జబ్బు నయమైందని తేల్చిన పరీక్ష కాదు. మీకు ఎవరో చెప్పింది చేతి నరంలోకో, వెన్నులోకో సూది ఎక్కించడం. ఆ రెండింటికీ పేరు తప్ప పోలిక లేదు. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం పార్కిన్సన్స్‌కి స్టెమ్ సెల్ అనుమతి పొందిన ట్రయల్‌లో (మనుషుల మీద చేసే వైద్య పరీక్షలో) తప్ప వాడకూడదు. డబ్బు కట్టమన్నారంటే అది ట్రయల్ కాదు.

అసలైన ట్రయల్‌లో చేరాలంటే ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్ఐ వెబ్‌సైట్లో వెతుకు. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి ట్రయల్ అక్కడ నమోదు కావాలి. ఎన్నో దశ, ఎంతమంది, దేనితో పోలుస్తున్నారు, ఏ ఊళ్లో, అన్నీ ఉంటాయి. సమ్మతి పత్రం తెలుగులో అడుగు, ఇంటికి తెచ్చుకుని చదువు, సంతకం చేశాక ఒక ప్రతి నీ దగ్గర ఉండాలి. ట్రయల్ వల్ల హాని జరిగితే 2019 నియమాల ప్రకారం వైద్యం వాళ్లే చేయించాలి, పరిహారమూ ఉంటుంది. ఎప్పుడైనా తప్పుకోవచ్చు. మీ నాన్నగారికి ఉత్తుత్తి మందే పడొచ్చని ముందే చెప్పి ఒప్పించు. ఈ జబ్బులో ఉత్తుత్తి మందుకే మెదడు డోపమైన్ వదులుతుంది, అందుకే పోలిక లేని పరీక్షని నమ్మలేం. కో ఎంజైమ్ క్యూ10, క్రియాటిన్ ఇలాగే పెద్ద పరీక్షల్లో నిలబడలేదు. చక్కెర జబ్బు మందు ఎక్సెనటైడ్ చిన్న పరీక్షలో ఆశ పెట్టి, 2025లో వెలువడిన 194 మంది పరీక్షలో విఫలమైంది. క్యూ10 లాంటి క్యాప్సూళ్లకి పెట్టే డబ్బు ఫిజియోథెరపీకి పెట్టండి.

ఏ ఆపరేషన్‌కి ఆసుపత్రిలో చేరినా లెవోడోపా వేళలు కేసు షీటు మీద పెద్ద అక్షరాలతో రాయించు. హఠాత్తుగా ఆపితే తీవ్ర జ్వరం, కొయ్యబారడం వచ్చి ప్రాణం మీదకి వస్తుంది.

డైరీ రేపు పొద్దున్న లేచిన దగ్గర్నుంచి మొదలుపెట్టు. మూడు కాగితాలూ, మాత్రల అట్టల వెనకవైపూ ఫొటో తీసి పంపితే, డాక్టర్ని ఏమేం అడగాలో ఫోన్‌లో మాట్లాడుకుందాం.

మీ మావయ్య