కుట్టుకున్న బట్టలు, కష్టపడి తెచ్చుకున్న యూనిఫాంలు

సొంతంగా కుట్టుకున్న బట్టల గురించి, హాబీల వల్ల ఇంట్లో చేరిన యూనిఫాంల గురించి చాలామంది అడుగుతున్నారు, అందుకే ఈసారి ఆ ప్రశ్నలన్నీ ఒక్కచోట పెట్టి జవాబులిస్తున్నా.

ప్రశ్న: అక్కా, లాక్‌డౌన్‌లో వీడియోలు చూసి మిషన్ నేర్చుకున్నా. ఇప్పుడు నా కుర్తీలు, పాప ఫ్రాకులు అన్నీ నేనే కుడతా. మంగళగిరి కాటన్ అంటే పిచ్చి నాకు. కానీ ఆఫీసుకి వేసుకెళ్తే "ఇంట్లో కుట్టిందా?" అని అడుగుతారు, ఆ అడగడంలోనే ఏదో తేడా తెలుస్తుంది. వచ్చే నెల మా మరిది పెళ్ళి. నేను కుట్టుకున్న అనార్కలీ వేసుకుంటానంటే మా అత్తగారు "బయట కొనుక్కోవే, నలుగురూ ఏమనుకుంటారు" అంటున్నారు. ఏం చేయను?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: వేసుకో చెల్లీ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు ఇంట్లోవాళ్ళ చేతిపని అంటే మనవాళ్ళకి ఎప్పుడూ చిన్నచూపే, అదే బట్ట బొటిక్‌లో హ్యాంగర్‌కి వేలాడితే మూడు రెట్లు పెట్టి కొంటారు. "ఇంట్లో కుట్టిందా" అంటే తల దించుకోకుండా "అవునండీ నేనే కుట్టా" అని చెప్పు, ఆ బట్ట ఎక్కడ నేసిందో కూడా చెప్పు, అడిగినవాళ్ళలో ఒక్కరైనా తర్వాత మెల్లగా వచ్చి నాకూ ఒకటి కుట్టిపెడతావా అంటారు చూడు.

కానీ ఒక మాట. ఇంట్లో కుట్టింది అని జనం దేన్ని చూసి పసిగడతారో నువ్వూ తెలుసుకోవాలి. డిజైన్ చూసి కాదు, ఫినిషింగ్ చూసి. మెడ దగ్గర బట్ట లేచి నిలబడటం, సైడ్ ఓపెన్స్ ఒకటి పైకి ఒకటి కిందకి ఉండటం, అంచు మడత వంకరపోవడం, చంక దగ్గర ముడతలు, ఈ నాలుగే మనల్ని పట్టిస్తాయి. వీటికి ఖరీదైన మిషన్ ఏం అక్కర్లేదు, ఓపిక ఉంటే చాలు.

మంగళగిరి కాటన్ తెచ్చాక కత్తెర వెంటనే పెట్టకు. చేనేత బట్ట నీళ్ళు తగిలితే ముడుచుకుంటుంది, కాబట్టి రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడలో ఆరేసి, ఇంకా కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేసి అప్పుడు కట్ చెయ్యి. చాలామంది ఇది చేయక మొదటి ఉతుక్కే కుర్తీ పొట్టిదైపోయి మిషన్ జోలికే వెళ్ళడం మానేస్తారు. ముదురు రంగైతే మొదటి రెండు మూడు ఉతుకులు విడిగా ఉతుక్కో. పడుగు, అంటే బట్ట పొడవునా వెళ్ళే పోగులు, నిలువుగా వచ్చేలా పెట్టి కట్ చెయ్యి, బట్ట మిగుల్తుంది కదా అని అడ్డంగా తిప్పావంటే నాలుగు ఉతుకుల తర్వాత కుర్తీ ఒక పక్కకి వాలిపోతుంది. ఆ బట్టకి నిజాం బోర్డర్ ఉంటే దాన్ని వేస్ట్ చేయకుండా చేతుల చివర వచ్చేలా చూసుకో, అది నేతలోనే వచ్చిన అంచు, పోగులు ఊడవు, మడిచి కుట్టే పనే లేదు.

మెడ పట్టీ మాత్రం క్రాస్‌గానే, అంటే బట్టని ఏటవాలుగా కోసి తీయాలి, పట్టీ కుట్టాక గుండ్రం దగ్గర కుట్టు తెగకుండా కత్తెరతో చిన్న చిన్న గాట్లు పెట్టి అప్పుడు లోపలికి తిప్పాలి. ఆ గాట్లు పెట్టకపోతేనే మెడ లేచి నిలబడేది. ఇక అన్నిటికన్నా ముఖ్యమైంది, ప్రతి కుట్టు వేశాక ఇస్త్రీ పెట్టె తీసి ఆ కుట్టు మీద ఒకసారి నొక్కాలి, అంతా అయిపోయాక ఒకేసారి ఇస్త్రీ చేస్తే ఆ లుక్ రాదు, మంచి టైలర్ల దగ్గర పెట్టె ఎప్పుడూ వేడిగా ఉండేది అందుకే. లోపలి పోగులకి ఓవర్‌లాక్ మిషన్ లేకపోతే దగ్గర్లో పీకో, ఫాల్ చేసే షాపులో ఇచ్చెయ్, తక్కువలోనే చేసిస్తారు. ఇంకోటి, నీ కుర్తీకి జేబు పెట్టుకో! రెడీమేడ్‌లో ఆడవాళ్ళకి జేబు దొరకడమే గగనం, ఫోన్ పట్టే జేబు ఉన్న కుర్తీ చూస్తే ఆఫీసులో ఆ తేడా మాటలు వాటంతటవే ఆగిపోతాయి.

ఆఫీసులో మొదలుపెట్టడానికి ఒక మంచి రోజు కూడా ఉంది, ఆగస్టు 7. 1905లో అదే రోజు కలకత్తా టౌన్‌హాల్లో స్వదేశీ ఉద్యమం మొదలైందని, దాని గుర్తుగా 2015 నుంచి జాతీయ చేనేత దినోత్సవం చేస్తున్నారు. ఆ రోజు చాలా ఆఫీసుల్లో చేనేత వేసుకు రమ్మంటారు, చేనేత బట్టని సొంతంగా కుట్టుకుని వచ్చినవాళ్ళు ఎంతమంది ఉంటారు చెప్పు.

పెళ్ళి సంగతి. అత్తగారితో పంతానికి పోకు. ముహూర్తానికి ఆవిడ కోరినట్టు పట్టుచీర కట్టుకో, పెళ్ళికొడుకుని చేసే రోజు నీ అనార్కలీ వేసుకో. ఈలోపు ఆవిడ చీర మీదకి ఒక జాకెట్టు నీ చేత్తో కుట్టి ఇవ్వు, ఆవిడ పాత జాకెట్టు కొలతలే తీసుకుని, లైనింగ్ వేసి, హుక్కులు చేత్తోనే కుట్టి. ఒంటికి సరిగ్గా సరిపోయిన జాకెట్టు వేసుకున్నాక నలుగురి గురించి ఆవిడే మాట్లాడరు.

ప్రశ్న: మేడమ్, డిగ్రీలో ఎన్‌సీసీ ఆర్మీ వింగ్‌లో చేశాను, 'సి' సర్టిఫికెట్ ఉంది. ఖాకీ యూనిఫాం, బెరె టోపీ, బెల్టు అన్నీ ఇప్పటికీ దాచుకున్నా, కాస్త బిగుతైనా పడుతుంది. ఆగస్టు 15న మా అపార్ట్‌మెంట్‌లో జెండా ఎగరేస్తారు, అప్పుడు వేసుకుని సెల్యూట్ చేయాలని ఉంది. పిల్లలు కూడా సంబరపడతారు. తప్పేమైనా ఉందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మీ ఉత్తరం చదువుతుంటే ఆ బెరె మీద ఎర్ర హాకిల్, అదే ఆ ఈకల కుచ్చు, కళ్ళముందు కనిపించిందండీ. తెల్లారకముందే లేచి గంజి పెట్టిన ఖాకీ వేసుకుని, బెల్టు బకిల్ బ్రాసోతో రుద్ది, బూట్లలో మొహం కనిపించేలా పాలిష్ కొట్టి గ్రౌండ్‌కి పరిగెత్తినవాళ్ళకే తెలుస్తుంది ఆ యూనిఫాం విలువ. దాచుకున్నందుకు మీకు నమస్కారం.

అయినా సరే ఆ రోజు వేసుకోవద్దనే చెప్తా. మీరిప్పుడు క్యాడెట్ కాదు. 1948లో చట్టం చేసి మొదలుపెట్టిన సంస్థ అది, ఆ యూనిఫాం ఇప్పుడు అందులో పేరు నమోదై ఉన్న క్యాడెట్లది. సైన్యం దుస్తుల విషయంలో చట్టం ఇంకా గట్టిగా ఉంది, సైనికుడు కానివాళ్ళు సైనికుణ్ణని నమ్మించాలని ఆ డ్రెస్సు గానీ దాన్ని పోలింది గానీ వేసుకుంటే భారతీయ న్యాయ సంహిత 168 సెక్షన్ కింద 3 నెలల వరకు జైలు, లేదా 2000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు, మిమ్మల్నెవరూ పట్టుకుపోరు. కానీ అదే జెండా కింద ఒక ఇప్పటి క్యాడెట్ గానీ రిటైర్డ్ జవాన్ గానీ నిలబడి ఉంటే వాళ్ళకి ఎలా ఉంటుందో ఆలోచించండి.

చక్కగా ఇస్త్రీ చేసిన తెల్ల ఖాదీ చొక్కా వేసుకోండి. సావధాన్‌లో నిలబడే తీరు మిమ్మల్ని వదిలి ఎక్కడికీ పోదు, పిల్లలు చూడాల్సింది అదే. క్యాంపుల్లో ఇచ్చిన టీషర్టులు, ట్రాక్‌సూట్లు ఉంటే వాటిని మాత్రం హాయిగా వాడండి, నవంబర్ నాలుగో ఆదివారం ఎన్‌సీసీ దినోత్సవం, ఆ రోజు పాత బ్యాచ్ వాళ్ళని అవి వేసుకుని రమ్మని పిలవండి. బెరె, హాకిల్, బ్యాడ్జీ, భుజానికి వేసుకునే లాన్‌యార్డ్ తాడు కలిపి లోతున్న ఫ్రేములో పెట్టించండి, అద్దం బట్టకి తగలకూడదు, ఎండ పడే గోడకి కొట్టొద్దు, ఎరుపు త్వరగా వెలిసిపోతుంది. ఖాకీ చొక్కాకి గంజి పూర్తిగా పోయేలా ఉతికి అప్పుడు దాచండి, గంజి ఉన్న బట్టని సిల్వర్‌ఫిష్ పురుగులు తినేస్తాయి.

ప్రశ్న: అక్కా, మా పాప 12 ఏళ్ళప్పుడు కూచిపూడి రంగప్రవేశం చేసింది. అప్పుడు ధర్మవరం పట్టుచీర కొని కాస్ట్యూమ్ కుట్టించాం. ఇప్పుడు 15, పట్టట్లేదు. కోసి లంగా ఓణీ చేయిద్దామా? జరీ కూడా అక్కడక్కడ నల్లబడింది.
— ఒక అమ్మ, విజయవాడ

జవాబు: కోయొద్దమ్మా, ముందు లోపలివైపు తిప్పి చూడు. కాస్ట్యూమ్ కుట్టేవాళ్ళకి పిల్లలు ఎదుగుతారని తెలుసు, పక్క కుట్ల దగ్గర బట్ట లోపల వదిలే కుడతారు, ఆ కుట్లు విప్పించి వదులు చేయిస్తే ఇంకో ఏడాది రెండేళ్ళు రావచ్చు. జాకెట్టుకి చేతుల కింద అదే బట్ట ముక్క వేయించొచ్చు, లేదంటే దానికి నప్పే పట్టుతో కొత్తది కుట్టించు. పొడవు మరీ తక్కువైతే మాత్రం చేసేదేం లేదు, అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చున్నప్పుడు ముందు విసనకర్ర కుచ్చిళ్ళు పూర్తిగా విచ్చుకోవాలి కదా, పొట్టిదైతే ఆ అందం పోతుంది.

అప్పుడు కూడా కోసే బదులు అదే గురువుగారి దగ్గర నేర్చుకుంటున్న చిన్న పిల్లకి ఇవ్వమని నా సలహా. పట్టుతో కొత్త కాస్ట్యూమ్ అందరూ కుట్టించలేరు, వేదిక ఎక్కే రోజు దగ్గర పడుతుంటే కొన్ని ఇళ్ళలో నిద్రే పట్టదు. మీ పాప చేత్తోనే ఇప్పించు, ఆ పిల్ల ఆడుతుంటే ముందు వరసలో కూర్చుని చూడమను. ఇవ్వడానికి మనసు రాకపోతే అలాగే దాచుకోండి, అందులోనూ తప్పు లేదు, రంగప్రవేశం బట్ట అది.

జరీ నల్లబడటానికి ముఖ్య కారణం చెమట, తర్వాత సెంటు. ప్రోగ్రాం అయిపోగానే అలసటలో బ్యాగ్‌లో కుక్కేస్తాం, అక్కడే పాడవుతుంది. ఇంటికి రాగానే తిరగేసి ఫ్యాన్ కింద నీడలో ఆరేయాలి, నీళ్ళల్లో ముంచకూడదు. పూర్తిగా ఆరాక కుచ్చిళ్ళు పాత మడతల మీదే సర్ది, వదులుగా నూలు తాడు కట్టి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. ప్లాస్టిక్ కవర్ వద్దు. కలరా ఉండలు జరీకి తగలకూడదు, వాటి బదులు చిన్న గుడ్డ మూటలో లవంగాలు, ఎండిన వేపాకు వేసి పక్కన పెట్టుకోవచ్చు. కుచ్చిళ్ళు తప్ప మిగతా మడతలు మాత్రం అప్పుడప్పుడు మార్చండి, లేకపోతే పట్టు మడత దగ్గరే చిరుగుతుంది.

ప్రశ్న: కరాటే బెల్టు ఉతక్కూడదు, ఉతికితే నేర్చుకున్న విద్య పోతుంది అని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. వాసన భరించలేకపోతున్నా!
— ఒక తల్లి, రాజమహేంద్రవరం

జవాబు: డోజోల్లో, అంటే కరాటే నేర్పే చోట్ల, చాలాకాలంగా ఉన్న నమ్మకమే అది, పిల్లాడు సొంతంగా కల్పించింది కాదు, కాబట్టి కొట్టిపారేయకండి, మాస్టర్‌గారితో ఒక మాట చెప్పించండి. ఆరోగ్యం దృష్ట్యా ఉతకడమే మంచిది, విడిగా, చన్నీళ్ళలో, నీడలో ఆరేసి. తెల్ల డ్రెస్ అయితే ప్రతి క్లాసు తర్వాత ఉతకాల్సిందే, వేడినీళ్ళు పోయొద్దు, కాటన్ కాబట్టి పొట్టిదైపోతుంది.

ప్రశ్న: మేము టెక్సాస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అబ్బాయి హైస్కూల్ మార్చింగ్ బ్యాండ్‌లో నాలుగేళ్ళు ట్రంపెట్ వాయించాడు. ఈ ఏడాది గ్రాడ్యుయేషన్. యూనిఫాం స్కూల్‌కి తిరిగి ఇచ్చేయాలట, వాడికి చాలా బాధగా ఉంది. ప్రతి సీజన్‌కి ఇచ్చిన షో టీషర్టులు మాత్రం గుట్టగా ఉన్నాయి, కాలేజీకి అన్నీ పట్టుకెళ్తానంటున్నాడు. మా అమ్మ ఇండియా నుంచి వచ్చి ఉంది, అన్నీ కత్తిరించి బొంత కుట్టేస్తా అంటోంది. కుట్టనివ్వమంటారా?
— ఒక నాన్న

జవాబు: కుట్టనివ్వండి! అంతకన్నా మంచి గ్రాడ్యుయేషన్ గిఫ్ట్ నాకైతే తోచట్లేదు. అక్కడ కూడా టీషర్టులతో క్విల్ట్ కుట్టించి ఇవ్వడం మామూలే, డబ్బులు తీసుకుని కుట్టి ఇచ్చేవాళ్ళున్నారు, మీకు ఇంట్లోనే బామ్మగారు ఉన్నారు.

యూనిఫాం తిరిగి ఇవ్వాల్సిందే, తర్వాత బ్యాచ్‌లో ఇంకో పిల్లాడు వేసుకోవాలి అది. ఇచ్చే ముందు మొత్తం వేసుకుని, ట్రంపెట్ పట్టుకుని, స్టేడియంలోనే ఒక ఫోటో తీయించండి. అయినా ఆగస్టు ఎండలో ప్రాక్టీసంతా చేసిందీ, గేమ్ రోజు బరువైన కోటు లోపల చెమటకి తడిసిందీ ఆ టీషర్టులే కదా, వాడికి ఎక్కువ దగ్గరైనవి అవే అనుకుంటా.

బామ్మగారు పాత నూలు చీరలతో బొంతలు కుట్టి ఉంటారు, టీషర్టుతో మాత్రం ఒక చిక్కుంది, సాగుతుంది. అందుకని ముందు వెనక వైపు ఇస్త్రీతో అంటుకునే పల్చటి ఫ్యూజింగ్ క్లాత్ వేయించి, ఆ తర్వాతే ముక్కలు కోయాలి. బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు, ప్రింటు కరిగి పెట్టెకి అంటుకుంటుంది, పైన గుడ్డ వేయాలి. మిషన్‌కి మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది వేస్తే పోగులు తెగవు. అడుగున మాత్రం బామ్మగారి నూలు చీర ఒకటి వేయించండి, రంగు దిగకుండా ముందే ఒకసారి ఉతికి. పైన వాడి నాలుగేళ్ళ షో పేర్లు, కింద ఆవిడ చీర. మధ్యలో దూది బదులు పల్చటి బ్యాటింగ్ షీట్ (క్విల్ట్ మధ్యలో వేసే మెత్తటి పొర) వేస్తే డార్మ్‌లో వాషింగ్ మెషీన్‌లోనూ ఉతుక్కోవచ్చు. ఒక్క టీషర్టు మాత్రం, వాడికి బాగా ఇష్టమైంది, కత్తెరకి ఇవ్వకుండా వేసుకోవడానికి ఉంచమనండి. ఏదో వాడినే ఎంచుకోనివ్వండి, మొదలుపెట్టే ముందే అడగండి.