రుజువయ్యేవరకా, రుజువు కానంతవరకా?

సందేహం: శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో ఈమధ్య జ్యూరీ సభ్యుడిగా కూర్చున్నాను. ప్రభుత్వం నేరం రుజువు చేస్తే తప్ప, చేసేదాకా నిందితుడిని నిర్దోషిగానే భావించాలని జడ్జి చెప్పారు. మన పత్రికలు 'నేరం రుజువయ్యేవరకు నిర్దోషే' అని రాస్తాయి. రెండూ ఒకటేనా? 'నాట్ గిల్టీ' అన్న తీర్పును 'నిర్దోషి' అనవచ్చా?

సమాధానం: ఒకటి కావు. 'బస్సు వచ్చేవరకు ఇక్కడే ఉంటాను' అన్నవాడికి బస్సు వస్తుందన్న నమ్మకం ఉంది. 'రుజువయ్యేవరకు' అన్నా అంతే, రుజువు కావడం ఖాయం, కాస్త ఆలస్యమంతే అన్న ధ్వని వినిపిస్తుంది. వ్యతిరేక క్రియతో 'రుజువు కానంతవరకు' అని చూడండి. రుజువు కావచ్చు, ఎన్నటికీ కాకపోవచ్చు. కాకపోతే ఆ మనిషి చివరిదాకా నిర్దోషే. మీ జడ్జి రెండు మాటల్లో చెప్పింది ఇందులో ఇమిడిపోయింది. పత్రికల ప్రయోగం వాడుకలో స్థిరపడింది కనుక తప్పనను. జ్యూరీకి ఇచ్చే సూచనను తెలుగు చేయమంటే మాత్రం నేను 'కానంతవరకు' అనే రాస్తాను.

నాకు నిజంగా అభ్యంతరమైన వాక్యం వేరే ఉంది: 'కోర్టులో తన నిర్దోషిత్వాన్ని నిరూపించుకున్నాడు'. ఇక్కడ 'కొను' చేరగానే రుజువు చేసే బాధ్యత నిందితుడి నెత్తిన పడింది. అతను నోరు విప్పనక్కరలేదని, ఒక్క సాక్షినీ పిలవనక్కరలేదని మీకూ చెప్పే ఉంటారు. ఇంగ్లండులో ఈ తేడా మీద ఒక ప్రాణమే నిలిచింది. భార్యను చంపిన కేసులో రెజినాల్డ్ వూల్‌మింగ్టన్ తుపాకి పొరపాటున పేలిందన్నాడు. అది ప్రమాదమని అతనే చూపించుకోవాలన్న ధోరణిలో జడ్జి జ్యూరీకి చెప్పాడు, మరణశిక్ష పడింది. 1935లో, అప్పట్లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన ప్రభువుల సభ (హౌస్ ఆఫ్ లార్డ్స్) ఆ సూచన తప్పని శిక్ష రద్దు చేసింది. రుజువు భారం ప్రాసిక్యూషన్‌దేనని, తీర్పు చెప్పిన న్యాయమూర్తి లార్డ్ శాంకీ అందులోనే తేల్చి చెప్పారు.

నేరం ఎంత గట్టిగా రుజువు కావాలో చెప్పేటప్పుడు 'సందేహాతీతంగా' అని ఊరుకోవడమూ చాలదు, 'సహేతుక' చేర్చాలి. ఊహలో పుట్టే ప్రతి అనుమానమూ లెక్కలోకి రాదు. తర్కానికి, ఇంగితానికి నిలిచేదే సహేతుక సందేహం.

మీరు 'నిందితుడు' అన్నారు, బాగుంది. 'ముద్దాయి' మీద నాకు చిన్న సరదా ఉంది. ఉర్దూలో ఆ మాటకు దావా వేసినవాడని అర్థం, మన దగ్గరికి వచ్చి బోనెక్కింది!

ఇక 'నాట్ గిల్టీ' అంటే నేరం రుజువు కాలేదని. నేరం జరగనేలేదని జ్యూరీ ధ్రువీకరించినట్టు కాదు. అయినా మొదటి నుంచీ నిర్దోషిగానే భావించిన మనిషి కనుక 'నిర్దోషిగా విడుదలయ్యాడు' అంటే దోషం లేదు. 'నిర్దోషి అని రుజువైంది' అని మాత్రం రాయకండి.