లిబ్రేఆఫీస్‌లో పాత తెలుగు ఫైళ్లు వింత గుర్తులుగా వస్తుంటే

పాత తెలుగు ఫైళ్లు సరిగా కనబడట్లేదు, లిబ్రేఆఫీస్ వదిలి ఓన్లీఆఫీస్ అనే మరో ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌కి మారాలా అని అడిగారు. లోపం లిబ్రేఆఫీస్‌ది కాదండి. మీ పాత వర్డ్ ఫైళ్లు బహుశా అను అనే పాతతరం తెలుగు ఫాంట్లలో కొట్టినవి, యూనికోడ్‌లో (ఇప్పుడు అన్ని కంప్యూటర్లూ వాడే అక్షరాల పద్ధతిలో) కాదు. ఓన్లీఆఫీస్‌కి మారినా ఇలాగే కనిపిస్తాయి. లిబ్రేఆఫీసే ఉంచుకోండి.

1. గుర్తుల మీద క్లిక్ చేయండి. పైన ఫాంట్ పేరు వాలుగా ఉంటే ఆ ఫాంట్ మీ కంప్యూటర్‌లో లేనట్టే, అందుకే ఈ గుర్తులు.
2. తెలుగు భాగాన్ని మాత్రమే అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్‌లో వేయండి. మధ్యలో ఉన్న ఇంగ్లీషు మాటల్ని కూడా వేస్తే అవి చెడతాయి. అసలు ఫైలు దాచుకోండి.
3. మారిన తెలుగును లిబ్రేఆఫీస్‌లో అతికించడానికి కంట్రోల్+ఆల్ట్+షిఫ్ట్+వి. చాలామంది తప్పేది ఇక్కడే: ఉత్త కంట్రోల్+వి కొడితే పాత ఫార్మాటింగ్ కూడా వెంట రావచ్చు.
4. టూల్స్, ఆప్షన్స్‌లో భాషల పేజీకి వెళ్లి కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్‌కి (తెలుగు లాంటి లిపుల సెట్టింగ్) టిక్ పెట్టి తెలుగు ఎంచుకోండి. స్టైల్‌లో ఇంగ్లీషుకిచ్చిన ఫాంట్, సైజు తెలుగుకు వర్తించవు, విడిగా ఇవ్వాలి. మండలి ఫాంట్ ఉచితం, బాగుంటుంది.

మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూడండి.