కొత్త రివాల్వర్‌కు మార్పులా? మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

నువ్వు పంపిన ఫొటో చూశాను. కొత్త స్మిత్ అండ్ వెస్సన్ 642, దాని పక్కన తేలిక స్ప్రింగుల సంచి, పెద్ద రబ్బరు పిడి, ఒక స్క్రూడ్రైవర్. కొని నాలుగు రోజులైంది, ఇంకా ఒక్క తూటా కూడా కాల్చలేదని రాశావు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా ఆ స్ప్రింగుల సంచి విప్పకు.

ముందు నీ చేతిలో ఉన్నది ఎందుకోసం పుట్టిందో తెలుసుకో. 1950లో ఆ కంపెనీ చీఫ్స్ స్పెషల్ అనే అయిదు గుళ్ల చిన్న రివాల్వర్ తెచ్చింది. 1952లో, కంపెనీకి నూరేళ్లు నిండిన సందర్భంగా, హ్యామర్, అంటే తూటాను పేల్చే దెబ్బ కొట్టే భాగం, మొత్తం లోపలే దాగి ఉండే సెంటెన్నియల్ అనే రివాల్వర్ వచ్చింది. జేబులోంచి తీసేటప్పుడు బట్టకు తగులుకోకూడదని ఆ ఏర్పాటు. నీ 642 ఆ వంశంలోదే. అల్యూమినియం మిశ్రమలోహపు చట్రం కాబట్టి బరువు 15 ఔన్సులకు అటూ ఇటూ, అంటే అరకిలో కూడా లేదు. బ్యారెల్ రెండంగుళాలకు కాస్త తక్కువ. రోజంతా మోయడానికి ఎంత హాయిగా ఉంటుందో, కాల్చడానికి అంత కష్టంగా ఉంటుంది. మొదటి రోజు అరచేయి మండుతుంది. ట్రిగ్గర్ లాగడానికి 12 పౌండ్ల దాకా బలం కావాలి కాబట్టి వేలు నొప్పెడుతుంది. గుళ్లన్నీ కిందకూ ఎడమకూ పోతాయి. అప్పుడు అందరికీ వచ్చే ఆలోచనే నీకూ వస్తుంది: స్ప్రింగులు మార్చేస్తే సరిపోతుందని.

నేనూ అలాగే అనుకున్నాను. హ్యూస్టన్ శివార్లలో దుకాణం నడిపే రోజుల్లో, ఇలాంటి రివాల్వర్‌కే వంటింటి బల్ల మీద తేలిక స్ప్రింగులు వేశాను. ట్రిగ్గర్ వెన్నలా జారింది. రేంజిలో, అంటే కాల్పుల సాధన చేసే చోట, ఇరవై తూటాలు కాల్చాను, అన్నీ పేలాయి. ఇక చాలనుకున్నాను. రెండు నెలల తరువాత, నేను రోజూ జేబులో మోసే రకం తూటాలను మొదటిసారి రేంజికి తీసుకెళ్లాను. అయిదింటిలో రెండు టక్కుమని ఊరుకున్నాయి. తుపాకీ మొన లక్ష్యం వైపే ఉంచి అర నిమిషం ఆగి, తరువాత వాటిని బయటికి తీసి చూశాను. తూటా అడుగున మందును అంటించే ప్రైమర్ అనే చిన్న బిళ్ల మీద ఫైరింగ్ పిన్ (దాన్ని కొట్టే సూది) చేసిన గుంట, గోటితో నొక్కినంత లోతు కూడా లేదు. ఆ రెండు నెలలూ అర్ధరాత్రి గల్లాపెట్టెలోని డబ్బు సంచితో ఒంటరిగా కారు దగ్గరికి నడిచింది ఆ రివాల్వర్ నమ్ముకునే. ఆ రాత్రి మీ అత్తయ్య ముఖం చూడలేకపోయాను.

కారణం చాలా మామూలుది. నువ్వు ట్రిగ్గర్ లాగినప్పుడు నీ వేలి బలమే మెయిన్ స్ప్రింగులో నిలవ ఉంటుంది. ఆ బలమే హ్యామర్‌ను కొట్టిస్తుంది. స్ప్రింగును తేలిక చేస్తే వేలికి సుఖం, దెబ్బకు నష్టం. ప్రైమర్ మెత్తగా ఉంటే పేలుతుంది, గట్టిదైతే పేలదు. ట్రిగ్గర్‌ను వెనక్కి పంపే రీబౌండ్ స్ప్రింగు కూడా అంతే: మరీ తేలికైతే ట్రిగ్గర్ పూర్తిగా ముందుకు రాకముందే నువ్వు మళ్లీ లాగుతావు, కంగారులో అది పని చెయ్యదు. ఇంకో మాట. ఈ రివాల్వర్‌కు వేరే సేఫ్టీ మీట లేదు. ఆ బరువైన, పొడవైన ట్రిగ్గరే దాని కాపలా. ఇంట్లో నాలుగేళ్ల పాప ఉంది, మరిచిపోకు.

అందుకని నా మాట ఇది. మొదటి మూడు నెలలూ విప్పి మళ్లీ యథాతథంగా పెట్టగలిగినదే మార్చు. పిడి మార్చుకో, ఒక్క స్క్రూతో అయిపోతుంది. నీ చెయ్యి పెద్దది, కంపెనీ పిడి మీద చిటికెనవేలు గాలిలో వేలాడుతుంది. కానీ నువ్వు కొన్న రబ్బరు పిడి జేబు గుడ్డను పట్టేసుకుంటుంది, తూటాలు పట్టే సిలిండర్‌లోంచి కాల్చిన తూటాల ఖాళీ తొడుగులు తోసేటప్పుడు అడ్డమూ రావచ్చు. పేలని డమ్మీ తూటాలు వేసి, నువ్వు రోజూ తొడుక్కునే ప్యాంటు జేబులోంచి యాభైసార్లు తీసి చూడు. అప్పుడు నిర్ణయించు.

బ్యారెల్ కొసన గురి చూసే దిమ్మ, అంటే ముందు గురి, లోహం రంగులోనే ఉంటుంది, చీకట్లో కనిపించదు. దానికి దుకాణాల చుట్టూ తిరగనక్కర్లేదు. స్పిరిట్‌తో తుడిచి, ముందు తెల్ల గోళ్ల రంగు పూతగా వేసి ఆరనిచ్చి, దాని మీద నారింజ రంగు వెయ్యి. నచ్చకపోతే అసిటోన్‌తో పోతుంది. నా దానికి పదేళ్లుగా మీ అత్తయ్య సీసాలోంచే వేస్తున్నాను.

సిలిండర్‌ను తెరిచే మీట (లాచ్) పైన, తుపాకీ పేలకుండా తాళం వేసే చిన్న రంధ్రం తీసేయించుకోమని నీ మిత్రుడు చెప్పాడట. ఆ పని వద్దు. అది ఇష్టం లేకపోతే, తాళం లేని 642నే ఆ కంపెనీ అమ్ముతుంది. ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ (గార్డు) ముందు భాగం కోసేయడం కూడా అస్సలు వద్దు. 1920ల్లో కోల్ట్ తుపాకుల కంపెనీలో పనిచేసిన ఫిట్జ్‌గెరాల్డ్ అలా కోసిన రివాల్వర్లు పేరు పొందాయి, నిజమే. కానీ ఆయన రోజంతా తుపాకులతోనే బతికిన మనిషి. మనకు ఆ గార్డు కావాలి. ట్రిగ్గర్‌ను పూర్తిగా కప్పే జేబు హోల్‌స్టర్ (తుపాకీ ఒర) కూడా కావాలి. ఆ జేబులో తాళంచెవి కాదు కదా, చిల్లర కూడా ఉండకూడదు.

ట్రిగ్గర్ నునుపెక్కాలంటే వేరే దారి ఉంది. తూటాలన్నీ తీసి ఇంకో గదిలో పెట్టు. సిలిండర్‌లోని అయిదు అరలనూ కళ్లతో చూడు, వేలితో తడుము. డమ్మీలు వేసి, వెనక మనుషులు ఉండని గోడ వైపు రోజూ పది నిమిషాలు లాగు. ముందు గురి మీద ఒక నాణెం నిలబెట్టు, అది పడకుండా లాగగలిగితే నీ వేలు కుదిరినట్టే. లోపలి భాగాలు కూడా ఈలోగా ఒకదానికొకటి ఒరుసుకుని మెత్తబడతాయి. రేంజిలో మోసే రకం తూటాలే రెండొందలు కాల్చు. నాలుగు కాల్చాక అయిదోదాన్ని తీసి, దాని కొనన ఉన్న గుండు తొడుగులోంచి ముందుకు జరిగిందేమో చూడు. ఇంత తేలిక తుపాకీలో ఎదురుతన్నుకు అది జరుగుతుంది, మరీ ముందుకొస్తే సిలిండర్ తిరగదు.

అంతా అయ్యాక కూడా ట్రిగ్గర్ బరువే అనిపిస్తే, తెలిసిన గన్‌స్మిత్‌కు, అంటే తుపాకులు బాగుచేసేవాడికి, ఇద్దాం. స్ప్రింగు తీయడం కాదు, తగిలే చోట్ల నునుపు చేయమందాం. లోపలి భాగాలను మూసే పక్క పలకను మాత్రం నువ్వు స్క్రూడ్రైవర్‌తో పెకలించకు. నేను చెక్క సుత్తితో తట్టి ఎలా లేపాలో చూపిస్తాను.

గ్రీన్ కార్డు వచ్చాకే కొన్నావు, సంతోషం. హెచ్-1బి మీద ఉన్న నీ స్నేహితుడి చేతికి ఫొటో కోసం కూడా ఇవ్వకు. కొన్ని మినహాయింపులు తప్ప ఆ వీసా వాళ్ల దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ నేరం, వాడి కాగితాలు పాడవుతాయి. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేయడమూ నేరమే. ఇవాళే తాళం పెట్టె కొను.

శనివారం పొద్దున్నే రేంజికి రా. నా పాత చెక్క పిడి తెస్తాను, అది నీ చేతికి సరిపోతుందేమో చూద్దాం. స్ప్రింగుల సంచి అలాగే మూసి తీసుకురా, తిరిగి ఇచ్చేద్దాం.

మీ మామయ్య