భయపడే కుక్కని రొయ్యల చెరువు వాళ్లకి ఇవ్వొచ్చా?

మీరు అడిగింది ఇదీ: వీధిలోంచి తెచ్చుకున్న రెండేళ్ల ఆడకుక్క, కొత్త మనిషిని చూస్తే మంచం కిందికి దూరుతుంది. మీకు బదిలీ అయింది, వెంట తీసుకెళ్లే వీల్లేదు. ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువుల వాళ్లు అడుగుతున్నారు, ఇవ్వొచ్చా అని. నాది నెల్లూరు, వేదాయపాలెం. దెబ్బలు తగిలిన కుక్కల్ని కొన్నాళ్లు ఇంట్లో ఉంచుకుని, కోలుకున్నాక మంచి ఇల్లు చూసి అప్పజెబుతుంటాను. నన్నడిగితే చెరువు వాళ్లకి వద్దు.

"అంత పెద్ద జాగా, హాయిగా తిరుగుతుంది" అని అందరూ చెప్తారు. భయపడే కుక్కకి జాగా పెరిగితే పారిపోయే దారులు పెరుగుతాయి, అంతే. చెరువుల మీద కొంగలు, నీటికాకులు వాలకుండా టపాసులు పేలుస్తారు. రాత్రంతా నీళ్లలోకి గాలి ఎక్కించే ఏరేటర్ల మోత. కాపలా మనుషులు మారుతూ ఉంటారు. పైగా వాళ్లకి కావాల్సింది మొరిగే కుక్క, మీది దాక్కునే కుక్క. నాలుగు రోజులు చూసి గొలుసేసి గుంజకి కట్టేస్తారు. చీమకుర్తి నుంచి ఒకబ్బాయి మా దగ్గరి కుక్కని అడిగాడు. మనిషి బంగారం, కానీ ఇంటికి దగ్గర్లోనే గ్రానైట్ క్వారీ, బ్లాస్టింగ్ జరిగినప్పుడల్లా కిటికీలు అదురుతాయట. ఇవ్వలేదు.

ఆ కుక్క పేరు మిరియం, నల్లగా ఉండేది కాబట్టి. తోక కడుపు కిందికి ముడుచుకుని గోడ వారగా నడిచేది. ఎవరైనా వస్తే పెదాలు నాక్కునేది, ఊరికే ఆవలించేది. చూసినవాళ్లు నిద్రొస్తోంది అనుకునేవాళ్లు. అది నిద్ర కాదు, టెన్షన్. తల కదపకుండా కళ్లు మాత్రం పక్కకి తిప్పి, తెల్లగుడ్డు కనపడేలా చూస్తోందంటే ఇంకో అడుగు వెయ్యకూడదని లెక్క. చికెన్ ముక్క ముందు పెట్టినా ముట్టలేదంటే భయం పీకల దాకా ఉన్నట్టే.

దాన్ని చూడ్డానికి వచ్చినవాళ్లలో మాగుంట లేఅవుట్ కుటుంబం ఒకటి నాకు బాగా గుర్తు. ప్రేమగల మనుషులు, ముచ్చటైన పిల్లలు. రావడమే "అయ్యో బంగారూ" అంటూ సోఫా కింద చెయ్యి పెట్టారు. మిరియం గుర్రుమంది. మూలకి తోస్తే ఏ కుక్కయినా కరుస్తుంది, దాని తప్పు కాదు. ఆ ఇంటికి హుషారుగా గంతులేసే కుక్కపిల్ల అయితే సరిగ్గా సరిపోతుంది.

చివరికి మిరియాన్ని తీసుకున్నది కావలిలో ఉండే రిటైరైన ఆర్టీసీ కండక్టరు, ఆయన భార్య. ఆయన వచ్చి నేల మీద పక్కకి తిరిగి కూర్చుని, నాతో పింఛను సంగతులు మాట్లాడాడు. కుక్కని పిలవలేదు, దాని వైపు చూడను కూడా లేదు. వెళ్లే ముందు రెండు బిస్కెట్లు నేల మీద పెట్టి, "దాని టైం దానిదేలేమ్మా, మళ్లీ వస్తా" అన్నాడు. నాకు అదే పరీక్ష. కుక్క తనని పట్టించుకోకపోయినా చిన్నబుచ్చుకోని మనిషి కావాలి. వాళ్లింట్లో నిమ్మళమైన ముసలి కుక్క ఒకటి ఉండడం ఇంకా మేలైంది. బెరుకు కుక్క మనకంటే ముందు తోటి కుక్కని చూసి ధైర్యం తెచ్చుకుంటుంది.

కాబట్టి ఒక్కసారి చూసి తీసుకెళ్తామనే వాళ్లకి ఇవ్వకండి. మళ్లీ మళ్లీ రమ్మనండి, మీరూ వాళ్లింటికి వెళ్లి చూడండి. గేటు కింద సందుందా, పక్కన కల్యాణ మండపం ఉందా, పగలు ఇంట్లో ఎవరుంటారు, అద్దె ఇల్లయితే ఓనరు ఒప్పుకున్నాడా. మంచం కింద దూరడం, గుర్రుమనడం ఏదీ దాచకుండా చెప్పేయండి. విని వెనక్కి తగ్గేవాళ్లు ఇప్పుడే తగ్గడం నయం. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా పూర్తి చేసి ఆ కార్డు వాళ్ల చేతికివ్వండి. ఉంచుకోలేకపోతే మీకే తిరిగివ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు అని కాగితం రాయించుకోండి. మొహమాటపడొద్దు.

ఇలాంటి కుక్కలు అప్పజెప్పే రోజునే, కారు తలుపు తీసే క్షణంలో తప్పిపోయే ప్రమాదం ఉంది. మెడ బెల్టు ఒక్కటే ఉంటే వెనక్కి గుంజుకుని తల తీసేస్తుంది. బాడీ బెల్టు కూడా వేసి, రెండింటికీ విడివిడిగా తాళ్లు కట్టి, గేటు మూశాకే దింపండి. ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించండి. అక్కడ మొదట ఒకే గది, మీ ఇంటి పాత దుప్పటి, మీరు పెట్టే తిండే. ఒకటి రెండు రోజులు తినకపోయినా, ఒక రోజు దాకా ఒంటేలుకి వెళ్లకుండా బిగబట్టుకున్నా కంగారు పడొద్దని, అంతకు మించితే పశువుల డాక్టరుకి చూపించమని ముందే చెప్పండి. కొత్త ఇంటికి మెల్లమెల్లగా అలవాటు పడడానికి మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని కుక్కల వాళ్లు ఒక లెక్క చెప్తుంటారు. భయస్తులైన కుక్కలు ఆ లెక్కకి లొంగవు. మిరియం కండక్టరు గారి చేతిలోంచి తినడానికే చాలా నెలలు పట్టింది.

ఎవరినైనా కరిచినా, చర్మం గీరుకున్నా, టీకా వేసిన కుక్కే కదా అని ఊరుకోకూడదు. సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి, ఆస్పత్రికి వెళ్లి డాక్టరు చెప్పినట్టు టీకాలు వేయించుకోవాలి.

ఎవరూ దొరకలేదని ఇంకో వీధిలో మాత్రం వదిలేయకండి. అక్కడి కుక్కలు రానివ్వవు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో కూడా, ఆపరేషన్ చేసిన వీధికుక్కల్ని పట్టుకున్న చోటే వదలాలని ఉంది.

బదిలీ ఎప్పుడో మీరు రాయలేదు. మన నెల్లూరులో ఉరుములు, వానలు, దీపావళి టపాసులు అన్నీ కలిసి ఒక్కసారే వస్తాయి కదా, వీలుంటే పండక్కి బాగా ముందో, కార్తీకం వెళ్లాకో పంపండి. అలాగే వేరే కుక్కలతో అదెలా ఉంటుందో కూడా రాయండి. బాగానే కలిసిపోతుందంటే, ఇంట్లో ఇప్పటికే కుక్క ఉన్నవాళ్లు నాకు తెలిసి గూడూరులో ఒకరున్నారు, అడిగి చూస్తాను.